బతికున్నట్టు ఏడాదికొకసారి చెబితే సరిపోదు: మా ఊరికి పాత పోస్టుమేస్టరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సర్పంచి గారికి, వార్డు మెంబర్లకు, గ్రామైక్య సంఘం లీడర్లకు, సచివాలయం ఉద్యోగులకు, హైస్కూలు హెడ్మాస్టారు గారికి, పాలకేంద్రం సెక్రటరీకి, ఊరొదిలి ఎంత దూరాన ఉన్నా వాట్సాప్ గ్రూపులో మాత్రం రోజూ ఊళ్ళోనే తిరిగే మన పిల్లలకు,

నమస్కారాలు.

నవంబరు వచ్చిందంటే మా తపాలావాళ్ళకు ఒక చిత్రమైన పని తగులుతుంది. పింఛను తీసుకునే పెద్దవాళ్ళు బతికే ఉన్నారని రుజువు పంపాలి. పూర్వం దీనికోసం వాళ్ళే పడుతూ లేస్తూ బ్యాంకుకు వెళ్ళేవాళ్ళు. 2020 నుంచి తపాలా ఉద్యోగే ఫోనూ, వేలిముద్ర మిషనూ పట్టుకుని ఇంటికెళ్ళి ‘జీవన్ ప్రమాణ్’ తీసిచ్చే ఏర్పాటు వచ్చింది. నా ఉద్యోగం చివరి ఏళ్ళలో ఊళ్ళో ఆ పని నాదే.

ఒక ఏడు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన ఇంటికి వెళ్ళాను. మేడ, ముందు ఇనుప గేటు, గేటుకు లోపలి నుంచి గొలుసు. ఆయన వచ్చి తీసేసరికి అయిదు నిమిషాలు పట్టింది. వేలు పెడితే ముద్ర పడలేదు. తడిగుడ్డతో తుడిచి పెట్టాం, పడలేదు. కాస్త జిడ్డు అంటితే పడుతుందని నుదుటికి రాసి పెట్టమన్నాను. అయిదోసారికి పడింది. “చూశావా పోస్టుమేస్టరూ, నేను బతికున్నానంటే మిషను కూడా ఓ పట్టాన ఒప్పుకోలా!” అని నవ్వి, “కూర్చో, కాఫీ పెడతా” అన్నారు. అనడమే కాదు, కాఫీపొడి డబ్బా మూత తీసి చేత్తో పట్టుకునే ఉన్నారు. నాకింకా తొమ్మిదిళ్ళు మిగిలున్నాయి. “ఇంకోసారి వస్తానండీ” అని సైకిలెక్కాను. మళ్ళీ నవంబరు వచ్చేసరికి ఆయన లేరు.

ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ డబ్బా.

నేనెవరో మీకు చెప్పక్కర్లేదు గానీ, పక్క ఊళ్ళవాళ్ళ చేతికీ ఇది వెళుతుంది కనుక రెండు ముక్కలు. కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలవ గట్టు మీద ఊరు మాది. సార్వాకు వరి, ఆ తరవాత మినుము, ఈమధ్య జొన్న, మొక్కజొన్న. ఇక్కడ 39 ఏళ్ళు బ్రాంచి పోస్టుమేస్టరుగా చేశాను. మొదట్లో మమ్మల్ని ‘ఇ.డి.’ (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్) వాళ్ళనేవారు, తరవాత గ్రామీణ డాక్ సేవకులమయ్యాం. పేరు మారింది, జీతం కాస్త పెరిగింది, పింఛను మాత్రం రాలేదు. అది వేరే ఉత్తరంలో రాసుకోవాల్సిన గోడు. బ్రాంచి ఆఫీసుకు గది పోస్టుమేస్టరే చూపించాలి గనక మా ఇంటి వరండాయే ఊరి పోస్టాఫీసు అయ్యింది.

ఆ వరండా మీద జరిగిన వ్యవహారంలో ఉత్తరాలది సగం వాటా కూడా కాదు. ఎం.ఓ. (మనియార్డరు) వచ్చిందేమోనని కనుక్కోవడానికి వచ్చి గంట కూర్చునేవాళ్ళు. చదువురాని ఆడవాళ్ళు ఇన్‌లాండ్ లెటర్ తెచ్చి, “కాస్త మెల్లిగా చదవయ్యా” అనేవాళ్ళు. ఒకటే ఉత్తరం మూడు రోజులు వరసగా చదివించుకున్న తల్లి ఉంది; ఆమెకు అందులో ఏముందో మొదటి రోజే నోటికొచ్చేసింది. తరవాత ఉపాధి హామీ కూలి డబ్బు మా దగ్గరే ఇచ్చారు, కొన్నాళ్ళు పింఛన్లూ ఇచ్చాం. ఆ రోజుల్లో తెల్లారి ఏడింటికే అరుగు నిండిపోయేది. సబ్ ఆఫీసు నుంచి క్యాషు బ్యాగు పదకొండింటికి గానీ రాదని అందరికీ తెలుసు. అయినా ఏడింటికే వచ్చేవాళ్ళు. ఎందుకొచ్చేవాళ్ళో నాకు అప్పట్లో బోధపడలేదు. ‘పనీపాటా లేదు వీళ్ళకి’ అని విసుక్కున్న రోజులున్నాయి, దాచడమెందుకు.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. యాభై ఇళ్ళకొక వాలంటీరు పింఛను గుమ్మంలో ఇచ్చి వెళ్ళారు. 2024 నుంచి సచివాలయం ఉద్యోగులే ఒకటో తారీఖున ఇంటింటికీ వచ్చి నాలుగు వేలు చేతిలో పెడుతున్నారు. ఈ మార్పులో రాజకీయం ఎవరిది ఎంతో నాకొద్దు. మంచాన పడ్డవాళ్ళకూ, కాళ్ళు కదలనివాళ్ళకూ ఇంతకంటే మేలు లేదు. ఎండలో క్యూలో పడిపోయినవాళ్ళను నా కళ్ళతో చూశాను గనుక మళ్ళీ ఆ రోజులు రావాలని ఏ పొద్దూ అనను. కానీ ఒకటి జరిగింది. పింఛను ఇంటికి రావడం మొదలయ్యాక, నెలకొకసారి ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, కర్ర పట్టుకుని బజారున నడిచే అవసరం పోయింది. డబ్బు గుమ్మంలోకి వచ్చింది, మనిషి గుమ్మం దాటడం ఆగింది.

పింఛను ఒక్కటే కాదు. కుళాయి వచ్చి చెరువుకు వెళ్ళే పని తప్పింది. మినరల్ వాటర్ టిన్ను బండి మీద వస్తోంది. గ్యాసు వచ్చాక పుల్లలకు వెళ్ళే జట్టు లేదు, గ్రైండరు వచ్చాక రుబ్బురోలు దగ్గర కూర్చునే ఇద్దరు లేరు. వరి కోత మిషను వచ్చాక కుప్పనూర్పిళ్ళ కళ్ళం లేదు. వీటిలో దేన్నీ వద్దనే హక్కు నాకు లేదు. బిందె మోసిన నడుమును అడిగితే తెలుస్తుంది కుళాయి విలువ. ప్రతి సౌకర్యమూ ఒక కష్టాన్ని తీసేస్తూ, ఆ కష్టం వంకతో కలిసే నలుగురిని కూడా తీసుకుపోయింది. తీసేసిన చోట ఇంకొకటి పెట్టాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు, పోస్టాఫీసు అరుగు మీద కూర్చున్న నాకూ తట్టలేదు.

‘పాతరోజులే బంగారం’ పాట పాడుతున్నాడు అనుకోకండి. రామాలయం అరుగు అందరిదీ కాదు. కాలవ అవతల ఎస్సీ పల్లెవాళ్ళు ఆ అరుగు మీద కూర్చున్నది నా చిన్నతనంలో నేను చూడలేదు. మొగుడు పోయిన ఆడమనిషికి పేరంటం పిలుపు ఉండేది కాదు, ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో లేదు. నిండా మనుషులున్న ఊళ్ళో కూడా వాళ్ళు ఒంటరివాళ్ళే. అందుకే, ఇప్పుడు మనం ఏదైనా కొత్తగా పెట్టుకుంటే పాత అరుగును తిరిగి కట్టడం కాకూడదు. ఎస్సీ కాలనీలో పనికెళ్ళలేక ఇంట్లో కూలబడిన ముసలమ్మకూ, మేడలో ఏసీ కింద ఒక్కతే ఉన్న ముసలమ్మకూ ఒకే బెంచీ మీద చోటుండాలి. అది జరగదంటే ఈ ఉత్తరం ఇక్కడే మడిచి పక్కన పెట్టేయండి.

మన ఊళ్ళో ఎవరూ ‘నాకు ఒంటరితనంగా ఉంది’ అనరు, గమనించారా? ఆ మాట పుస్తకాల్లోది. “పొద్దు పోవట్లేదమ్మా” అంటారు. “పలకరించే దిక్కు లేదు” అంటారు. ఎక్కువమంది అదీ అనరు, మోకాళ్ళ నొప్పులంటారు. మన ఆర్.ఎం.పి. డాక్టరు గారు ఒకసారి నాతో అన్నారు: బి.పి. చూడమని వారానికి మూడుసార్లు వచ్చే పెద్దవాళ్ళున్నారు, బి.పి. బాగానే ఉందంటే మొహం చిన్నబోతుందట. ఇంకో పూట రావడానికి వంక పోయిందని కాబోలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పెద్ద జబ్బుల వరసలోనే చూస్తోంది. 2025 జూన్ చివర్లో వాళ్ళ కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి ఒంటరితనం బాధ ఉంది. దానివల్ల ఏటా 8 లక్షల 71 వేల మరణాలు ఉంటాయని అంచనా. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఏకంగా మంత్రుల్నే పెట్టుకున్నాయి. మనకు మంత్రి అక్కర్లేదు. పాలకేంద్రం చాలు. అదెలాగో చెబుతాను.

కాలవ గట్టు చివరింట్లో ఉండే పెద్దమ్మ సంగతి ఊళ్ళో చాలామందికి తెలుసు, పేరు రాయను. భర్త పోయి పన్నెండేళ్ళు. కొడుకు అమెరికాలో, కూతురు హైదరాబాదులో. ఆమెకో గేదె ఉండేది. పూటకు ముప్పావు లీటరు ఇస్తే గొప్ప, తౌడు ఖర్చుకు కూడా పాల బిల్లు చాలదు. అయినా పొద్దున అయిదున్నరకూ, సాయంత్రం అయిదింటికీ చిన్న స్టీలు క్యాను పట్టుకుని పాలకేంద్రానికి వచ్చేది. ఫ్యాటు ఎంత వచ్చిందో చీటీ మీద చూసుకుని, “నా గేదె నాకంటే నయంరా, ఏడు చూపించింది” అనేది. అక్కడ ఓ పది నిమిషాలు. ఎవరి కోడలు నీళ్ళోసుకుంది, ఎవరి చేను గాలికి పడింది, ఎవరి మనవరాలికి సీటొచ్చింది, అన్నీ ఆ పది నిమిషాల్లోనే.

ఒక సాయంత్రం క్యాను రాలేదు. మర్నాడు పొద్దునా రాలేదు. పాలు కొలిచే కుర్రాడు పుస్తకంలో ఆమె నంబరు ఎదురుగా రెండు పూటలు ఖాళీ చూసి, కొలత మధ్యలో ఆపి, సైకిలు మీద వెళ్ళాడు. బాత్రూంలో జారిపడి, తుంటి విరిగి, రాత్రంతా తడినేల మీద ఉంది. ఫోను మంచం మీద మోగుతూనే ఉంది. అమెరికా నుంచి కొడుకు తొమ్మిదిసార్లు చేశాడట. ఆ రాత్రి ఆమెను కనిపెట్టింది ఫోను కాదు, సీసీ కెమెరా కాదు, ఖాళీగా ఉన్న రెండు గళ్ళు.

ఆపరేషన్ అయ్యి, మూడు నెలలకు లేచి తిరిగింది. కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. “ఈ వయసులో గేదెతో పనేంటమ్మా” అని పిల్లలు గేదెను అమ్మించేశారు. వాళ్ళ భయం వాళ్ళది, తప్పు పట్టను. నెలనెలా డబ్బు ఎక్కువే పంపుతున్నారు, పనిమనిషిని పెట్టారు, హాల్లో కెమెరా బిగించారు. ఇప్పుడామె నంబరు పాల పుస్తకంలో లేదు. రెండు పూటలు రాకపోతే లేచి వెళ్ళే మనిషీ లేడు. “కెమెరాలో చూసుకుంటున్నార్లే, నేను బతికే ఉన్నానని తెలుస్తుంది” అంది మొన్న. నాకు గార్డు గారి వేలిముద్ర గుర్తొచ్చింది.

పిల్లల్ని తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. చదివించిందీ మనమే, వీసా వస్తే కొబ్బరికాయ కొట్టిందీ మనమే. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకుంటే భరణం వస్తుంది, రావలసినవాళ్ళకు రావాలి కూడా. మాటామంతీ ఇప్పించమని ఏ ఆర్డీవోను అడుగుతాం? ఆ చట్టానికి కేంద్రం పంపిన నమూనా నియమాల్లో మాత్రం ఒక మంచి ముక్క ఉంది: ఒంటరిగా ఉండే పెద్దల జాబితా పోలీసు స్టేషనులో ఉండాలి, నెలకొకసారైనా పోలీసు తరఫు మనిషి, వీలైతే ఒక స్వచ్ఛంద కార్యకర్తను వెంటబెట్టుకుని, వాళ్ళింటికి వెళ్ళి రావాలి. కాగితం మీద ఉన్న ఈ ఒక్క ముక్కనైనా మనం ఊళ్ళో మొదలుపెట్టలేమా?

అందరం కలిసి చేయడం మన ఊరికి చేతకాదని అనేవాళ్ళకు ఒకటే జవాబు, ఫ్రీజర్ బాక్సు. ఊరంతటికీ ఉమ్మడిగా ఏదైనా చక్కగా నడుస్తోందంటే అదే. బయట దేశాల్లో ఉన్న పిల్లలు చందాలు వేసి కొన్నారు. తాళం కిళ్ళీకొట్టు దగ్గర ఉంటుంది. కరెంటు పోతే జనరేటరు ఎవరిదో, మోయడానికి నలుగురు ఎవరో, వైరు ఎక్కడి నుంచి లాగాలో, అమెరికా విమానం దిగేదాకా ఎన్ని గంటలు ఉంచాలో అందరికీ తెలుసు. కులం అడ్డం రాదు, పార్టీ అడ్డం రాదు, అర్ధరాత్రి ఫోను చేసినా ఇరవై నిమిషాల్లో గుమ్మంలో ఉంటుంది. చనిపోయిన మనిషిని మూడు రోజులు ఒంటరిగా వదలకుండా కాచుకునే ఏర్పాటు చేసుకున్న ఊరు మనది. ఆ మనిషి బతికున్న మూడేళ్ళ మాటేమిటి?

ఊరికే అనడం ఇష్టం లేక లెక్క రాశాను. ముప్పైతొమ్మిదేళ్ళు లెక్కలు రాసిన చెయ్యి, ఊరుకోదు. ఆ పెద్దమ్మ ఇంటి ఎదురుగా చింతచెట్టు కింద కూర్చుని ఒక వారం పాటు ఆ గుమ్మం దగ్గరికి ఎవరొచ్చారో నోటుపుస్తకంలో వేసుకున్నాను. చెత్త బండి అబ్బాయి, మినరల్ వాటర్ ఆటో, ఆశా కార్యకర్త, కరెంటు మీటరు కుర్రాడు, గ్యాసు సిలిండరు, సర్వే అని సచివాలయం అమ్మాయి, మైకు పెట్టుకొచ్చే కూరగాయల బండి, కొత్త పోస్టుమ్యాను, పనిమనిషి... మొత్తం పద్నాలుగు మంది. అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరు మీటరు కుర్రాడు, అదీ బిల్లు మిషనులో కాగితం ఇరుక్కుపోయిందని. ఆ పావుగంటలో ఆమె అతనికి మజ్జిగ ఇచ్చి, వాళ్ళ అమ్మమ్మది ఏ ఊరో కనుక్కుని, దూరపు చుట్టరికం కూడా తేల్చేసింది.

కాబట్టి మనుషులకు కొదవ లేదు. ఎవరి పని వాళ్ళది, ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పే చోటు లేదు. ఆశా కార్యకర్తకు తెలిసింది సంఘం లీడరుకు తెలియదు, ఆమెకు తెలిసింది సచివాలయానికి చేరదు. నేనడిగేది ముందుగా ఒక పుస్తకం. పాలకేంద్రంలోనే ఉండనివ్వండి, పొద్దునా సాయంత్రమూ తెరిచి ఉండేది ఊళ్ళో అదొక్కటే. పాలు పోసినా పోయకపోయినా ఒంటరిగా ఉంటున్న ప్రతి మనిషికీ అందులో ఒక నంబరు. వాళ్ళే రావచ్చు, లేదా దారిన పోయే పద్నాలుగు మందిలో ఎవరైనా ‘చూశాను’ అని టిక్కు పెట్టొచ్చు. రెండు పూటలు ఖాళీ అయితే ఒకరు వెళ్ళి తలుపు తట్టాలి. పేరు రాయించుకోవడం ఇష్టం లేనివాళ్ళను బలవంతం చేయకూడదు. ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారన్నది దొంగలకు దొరికితే ప్రమాదం గనక, ఆ పుస్తకం ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్ళ ఫోను కాలవలో వేసే అధికారం సెక్రటరీకి ఇవ్వాలి.

సచివాలయం అమ్మాయిలూ, అబ్బాయిలూ, ఒకటో తారీఖున మీ మీద ఎంత ఒత్తిడి ఉంటుందో నాకు తెలుసు. మధ్యాహ్నానికి నూటికి నూరు శాతం చూపించాలి, సర్వరు మొరాయిస్తుంది, ముసలివాళ్ళ వేళ్ళు పడవు. కూర్చుని కబుర్లు చెప్పమని అడగను. నడవగలిగినవాళ్ళతో ఒక్క మాట అనండి: “పది దాటాక పాత పోస్టాఫీసు దగ్గరికి రా అవ్వా, అందరూ ఉంటారు.” పెద్దలకోసం 14567, మనసు బాగోలేనివాళ్ళకోసం 14416, ఈ రెండు నంబర్లూ పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. రెంటికీ డబ్బులు పడవు. అంటించి వదిలేయకండి, మొదటిసారి మీ ఫోనులోంచి కలిపి మాట్లాడించండి. కొత్త నంబరుకు ఫోను చేయడమంటే పెద్దవాళ్ళకు జంకు.

గ్రామైక్య సంఘం అమ్మలూ, మీ దగ్గర నాకు కాస్త చనువు, ఫిర్యాదు కూడా ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. పొదుపు సంఘాల చరిత్రలో ఆ కథ మీకు శిక్షణల్లో చెప్పే ఉంటారు. అంత బలం ఉన్న సంఘాలు అరవై దాటిన సభ్యురాలికి బ్యాంకు లోను చిక్కవుతుందని, ఆమె పేరు తీసేసి కోడలి పేరు రాయించడం మన ఊళ్ళోనే చూశాను. ఇరవై ఏళ్ళు వారం వారం మీటింగుకు వచ్చి, సంతకం నేర్చుకుని, ఒక్క వాయిదా ఎగ్గొట్టని మనిషి. లోను పోతే పోయింది, చాప మీద చోటు కూడా పోయిందామెకు. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ నిబంధనల్లో వృద్ధులకు ప్రత్యేక సంఘాలు పెట్టుకునే వీలుంది. మామూలు సంఘానికి పది మంది కావాలి, వీటికి అయిదుగురు చాలు. మగవాళ్ళు కూడా చేరొచ్చు. తెలంగాణలో ఇప్పటికే అరవై దాటిన ఆడవాళ్ళతో సంఘాలు కడుతున్నారు. మనం ఒక్కటి కట్టి చూద్దాం.

అక్కడ ఒక జాగ్రత్త. ‘వృద్ధుల కాలక్షేప కేంద్రం’ అని బోర్డు పెడితే ఒక్కరూ రారు. మన పెద్దవాళ్ళకు పౌరుషం ఎక్కువ. జాలి వాసన తగిలితే గుమ్మం దాటరు. పని ఉందంటే వస్తారు. చింతపండు గింజ తీయాలి, శ్రీరామనవమికి తోరణాలు కట్టాలి, బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి చిక్కుళ్ళు ఈనె తీసివ్వాలి, పెళ్ళివారికి అప్పడాలు వత్తాలి అంటే, వద్దన్నా వస్తారు. మగవాళ్ళ సంగతి ఇంకా కష్టం. పెళ్ళాం పోయిన మగవాడు ఊళ్ళో అందరికంటే ఒంటరి, అన్నం వండుకోవడం రాదు, అడగడం అంతకన్నా రాదు. వాళ్ళకు టీకొట్టు ఉందిగా అంటారు. టీకొట్టులో రాజకీయాలు మాట్లాడొచ్చు గానీ, రాత్రి నిద్ర పట్టడం లేదని చెప్పుకోలేరు. ముప్పై అయిదు దాటినా ‘వ్యవసాయం చేస్తాడట’ అని పిల్లనివ్వక మిగిలిపోయిన కుర్రాళ్ళు మన ఊళ్ళో ఎంతమంది ఉన్నారో కూడా ఎప్పుడైనా లెక్క వేసుకుందాం. వాళ్ళు ఈ ఉత్తరంలో పట్టరు.

సర్పంచి గారూ, 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి, మన ఊళ్ళోనూ జరిగింది. నేనూ వెనక కుర్చీలో కూర్చున్నాను. సీసీ రోడ్డు అడిగారు, కాలవ అడిగారు, గోకులం షెడ్డు అడిగారు. న్యాయమైనవే. పశువులకు నీడ కావాలని లేచి అడిగినవాళ్ళు ఉన్నారు, మనుషులకు తోడు కావాలని అడగడం మాత్రం నాతో సహా ఎవరికీ నోరు రాలేదు. అడిగితే నవ్వుతారేమోనని. వచ్చే గ్రామసభ ఎజెండాలో ఒక్క వరుస పెట్టండి. పంచాయతీ ప్రణాళికలో ‘సామాజిక భద్రత గల గ్రామం’ అని ఒక అంశం ఎలాగూ ఉంది. దాని కింద ఏం రాయాలో తెలియక ప్రతిసారీ పింఛన్ల లెక్కే రాసి ఊరుకుంటున్నారు.

కేరళలో మలప్పురం వైపు ఊళ్ళవాళ్ళు ఈ పని పాతికేళ్ళ కిందటే మొదలుపెట్టారు. మంచాన పడ్డవాళ్ళ దగ్గరికి, డాక్టరుతో పాటు, ఆ వీధివాళ్ళే వంతులు వేసుకుని వెళ్ళేవాళ్ళు. ఖర్చుకు చిల్లర చందాలు. 2008లో ప్రభుత్వం దాన్ని విధానంగా తీసుకుంది, పంచాయతీ తరఫున నర్సు ఇంటికి వెళుతోంది. ముందు వీధి నడిచింది, ప్రభుత్వం వెనక వచ్చింది. ఫ్రాన్సులో తపాలా శాఖ 2017 నుంచి ఇంకో రకంగా చేస్తోంది: పిల్లలు నెలకింతని కడితే పోస్టుమ్యాను వారానికి ఇన్నిసార్లని పెద్దవాళ్ళ ఇంటికి వెళ్ళి పలకరించి, ఎలా ఉన్నారో పిల్లలకు కబురు పంపుతాడు. మొదటిసారి విన్నప్పుడు నాకు కోపమొచ్చింది, పలకరింపుకు కూడా బిల్లా అని. తరవాత కాఫీపొడి డబ్బా గుర్తొచ్చి కోపం తగ్గింది. బిల్లు కట్టినా ఫరవాలేదు, కూర్చున్నాడు కదా.

లైబ్రరీ గురించి కూడా ఒక మాట. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు మనం ఏటా కడుతూనే ఉన్నాం. 1935లో పాతూరి నాగభూషణం గారు ఇదే కృష్ణా కాలవల మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పారు. ఆ కాలవ గట్టు మీద ఉన్న మనకు సాయంత్రం రెండు గంటలు తెరిచి ఉంచే గది, రెండు పేపర్లు, ఒక ట్యూబులైటు గగనమైపోయాయి. హెడ్మాస్టారు గారూ, వారానికొకరోజు ఎనిమిదో తరగతి పిల్లలు పేపరు చదివి వినిపిస్తే వాళ్ళకు చదువూ వస్తుంది, చూపు తగ్గినవాళ్ళకు లోకమూ తెలుస్తుంది. ప్రాజెక్టు మార్కులు వేస్తామంటే పిల్లలు పరిగెత్తుకొస్తారు, అది మీకు నేను చెప్పాలా?

దూరాన ఉన్న పిల్లలకు: ఊరి ముఖద్వారానికి ఆర్చి కడదామని గ్రూపులో చందాలు మొదలయ్యాయని చూశాను. కట్టండి. అందులోంచి ఒక చిన్న వాటా టీపొడికీ, పంచదారకూ, ఒక మంచి కుర్చీల సెట్టుకూ తీయండి. చేతులు పెట్టుకుని లేవడానికి వీలుగా ఉండే కుర్చీలు; ప్లాస్టిక్ స్టూళ్ళు పంపితే తిప్పి పంపిస్తాను. ఇంకొకటి. ఫోను చేసినప్పుడు “తిన్నావా, మందు వేసుకున్నావా” అయ్యాక ఒక్కసారి “ఇవాళ ఎవరొచ్చారమ్మా ఇంటికి?” అని అడగండి. జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో చూడండి.

ఇక నా సంగతి. అన్నీ మీకు అప్పజెప్పి నేను చెట్టు కింద కూర్చుంటే బాగోదు. నేను రిటైరయ్యాక పోస్టాఫీసు కొత్త పోస్టుమేస్టరు ఇంటికి వెళ్ళిపోయింది. గోడ మీద ఎర్ర డబ్బా ఊడదీసిన చోట నాలుగు మేకుల గుర్తులున్నాయి. వరండా ఖాళీ. మా ఆవిడ పోయి మొన్న మాఘానికి ఏడాదిన్నర. అమ్మాయి బెంగళూరు వచ్చేయమంటుంది, వెళ్ళి ఇరవై రోజులుండి వచ్చాను. అక్కడ నన్ను పేరుతో పిలిచేది లిఫ్టు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే. అందుకని ఈ ఉత్తరంలో నా స్వార్థం కూడా ఉంది, ఉంటే ఏం?

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి పొద్దున పదింటికి వరండా తలుపులు తీసి ఉంచుతాను. రెండు బెంచీలున్నాయి, ఫ్యాను తిరుగుతుంది, కుండలో నీళ్ళు పోయిస్తాను. మెట్టు ఎత్తుగా ఉంది, ర్యాంపు పోయించాలి. ఉపాధి పనిలో అవుతుందో లేక ఇసుక నేనే తోలించుకోవాలో మేటు కనుక్కుని చెప్పాలి. పాలు పాలకేంద్రం నుంచి లీటరు చెప్పాను. కాలవ గట్టు పెద్దమ్మను నడిపించుకు రావడానికి ఒక మనిషి కావాలి, రోడ్డు దాటే చోట లారీలు ఎక్కువ. మీటరు కుర్రాడిని అడిగాను. ఒకటో తారీఖున తన లైను అటే అన్నాడు.

కాఫీపొడి డబ్బా కొత్తది కొని పెట్టాను.

ఇట్లు,
మీ పాత పోస్టుమేస్టరు